బుల్లెమ్మ జాగా: ఒక పిట్‌బుల్ కోసం కట్టిన గూటి డైరీ

ఫిబ్రవరి 9, ఆదివారం

విజయవాడ ఆటోనగర్‌లో మా ఫ్యాబ్రికేషన్ షాపుకి నాలుగు షెడ్ల అవతల ఒక స్క్రాప్ యార్డు ఉంది. దాని వెనక గోడకి కట్టేసి ఉన్న పిట్‌బుల్ కుక్కని ఇవాళ మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆడది. నాలుగేళ్ళు ఉంటాయని యార్డు ఓనరు చెప్పాడు. పేరు బుల్లెట్.

మూడు నెలల నుంచి అడుగుతున్నాను అతన్ని. అడిగినప్పుడల్లా "దానికేం అన్నా, రాజాలా ఉంది" అనేవాడు. నిన్న సాయంత్రం తనే ఫోన్ చేశాడు. "మొరగడం మానేసింది అన్నా. రాత్రి ఎవడొచ్చినా తల ఎత్తట్లేదు. కాపలాకి పనికి రాదు. కావాలంటే పట్టుకుపో."

విప్పే ముందు టేపు తీసి గొలుసు కొలిచాను. 3 అడుగుల 10 అంగుళాలు. గోడలోకి కాంక్రీటు పోసి దింపిన 12 ఎం.ఎం. కడ్డీ రింగు, దానికి లారీ మీద లోడు బిగించే గొలుసు, చివర నట్టు బోల్టు. తాళం కూడా కాదు. తాళమైతే ఎప్పుడో ఒకప్పుడు తీద్దామన్న ఆలోచన ఉన్నట్టు. బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కట్టర్‌తో గొలుసునే కోయాల్సి వచ్చింది. తర్వాత షాపులో కాటా మీద పెడితే గొలుసు రెండున్నర కిలోలు తూగింది. క్లినిక్‌లో కుక్క 19 కిలోలు తూగింది.

ఆయిల్ పట్టిన నేల మీద, గొలుసు అందినంత మేర, నున్నగా అరిగిన ఒక అర్ధచంద్రం ఉంది. అన్నం, నీళ్ళు, మలం, మూత్రం, నిద్ర అన్నీ అందులోనే.

మొదట్లో ఆఫీసు గది పక్కనే ఉండేదట. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు రాసింది కదా. టీవీలో "బ్యాన్" అనే మాట చూసి, ఎవరైనా వచ్చి పట్టుకుపోతారని భయపడి వెనక గోడకి మార్చాడట. అప్పటికే ఇళ్ళల్లో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని కూడా అందులో ఉంది. ఆ సంగతి అతనికి తెలియదు. మర్నెల ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ని కొట్టేసింది. అదీ తెలియదు. ఢిల్లీలో కాగితం రావడమూ, బెంగళూరులో అది పోవడమూ అయిపోయాయి. ఈ గొలుసు మాత్రం ఒక్క అంగుళం పెరగలేదు.

ఇంటికి తెచ్చేముందు ఒక తెల్ల కాగితం మీద "నా ఇష్టపూర్తిగా ఇస్తున్నాను, ఇకపై నాకు హక్కు లేదు" అని రాయించి సంతకం పెట్టించుకున్నాను. మా ఆవిడ చెప్పిన తెలివి అది.

ఫిబ్రవరి 11

మెడ బెల్టు సంగతి రాయాలి. పిల్లగా ఉన్నప్పుడు కట్టిన తోలు బెల్టు. కుక్క పెరిగింది, బెల్టు పెరగలేదు. ఒక పక్క చర్మం దాని మీదుగా మూసుకొచ్చి, బెల్టు కనపడకుండా పోయింది. ఇంట్లో కత్తెర పెట్టి తీద్దామనుకునేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి. డాక్టరు మేడమ్ మత్తు ఇచ్చి, బొచ్చు గొరిగి, సెలైన్‌తో కడుగుతూ నలభై నిమిషాల్లో తీశారు. లోపల పురుగులు. వాసనకి మా కుర్రాడు చిన్నా బయటికి వెళ్ళిపోయాడు. నేను తల పట్టుకుని నిలబడ్డాను. మత్తులో కూడా నాలుక నా మణికట్టుకి ఆనించింది.

చెవులు రెండూ మొదలుకంటా కోసేశారు. అమ్మినవాడే బ్లేడుతో కోసి ఇచ్చాడట, "చెవులు లేకపోతే రౌబుగా ఉంటుంది" అని. కుక్క చెవులతో ఎంత మాట్లాడుతుందో కుక్కని పెంచిన ఎవరికైనా తెలుసు. భయమేస్తే వెనక్కి వాలుస్తుంది, ఆసక్తి కలిగితే నిక్కిస్తుంది. వీటికి ఆ మాట లేకుండా చేసి, తర్వాత "చెప్పకుండా కరుస్తుంది" అంటారు.

రక్తం రిపోర్టు వచ్చింది. పిడుదుల జ్వరం. ప్లేట్‌లెట్లు 68 వేలు. డాక్సీసైక్లిన్ 28 రోజులు, ఖాళీ కడుపున వేయకూడదు. చర్మం మీద ఎర్రటి మచ్చలు డెమోడెక్స్ గజ్జి. ఈ జాతి కుక్కల్లో అది ఎక్కువగా కనిపిస్తుందనీ, తిండి సరిగా లేక ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ముదురుతుందనీ మేడమ్ చెప్పారు.

"బుల్లెట్ ఏంటండీ, దీన్ని చూస్తే నోరెలా వస్తుంది" అని మా ఆవిడ బుల్లెమ్మ అని పిలవడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రస్తుతానికి వెనక వరండా గదిలో ఉంది. గూడు ప్లాను గీశాను. మా ఇల్లు పాయకాపురంలో. వెనక 20 అడుగుల ఖాళీ ఉంది, వేపచెట్టు నీడ పడుతుంది.

నేను ఇరవై రెండేళ్ళుగా గేట్లూ గ్రిల్సూ చేస్తున్నాను. కుక్క గూడు అడిగినవాళ్ళందరికీ నాలుగడుగుల బోను చేసి ఇచ్చాను. ఎంతసేపు ఉంచుతారండీ అని ఒక్కరినీ అడగలేదు. ఆ బోన్లు ఎన్ని చేశానో లెక్క తెలియదు. ఇవాళ కాగితం ముందు కూర్చుంటే అవే గుర్తొచ్చాయి.

ఈసారి కొలతలు: 14 అడుగులు పొడవు, 10 వెడల్పు, 7 ఎత్తు. ఫ్రేము ఒకటిన్నర అంగుళం స్క్వేర్ పైపు. మెష్ విషయంలో చైన్ లింక్ వద్దనుకున్నాను. అది అల్లిన తీగ, కొరికి లాగితే వదులవుతుంది, పళ్ళు విరుగుతాయి. 10 గేజి వెల్డ్ మెష్, రెండంగుళాల కన్ను. అడుగున అడుగు లోతు తవ్వి, మెష్‌ని కాంక్రీటులోకి దింపాలి, తవ్వుకుని బయటికి రాకుండా.

ముఖ్యమైనది రెండు గేట్లు. బయటి గేటుకీ లోపలి గేటుకీ మధ్య నాలుగడుగుల జాగా. మనిషి ఒకటి మూసి, గడియ పెట్టి, తర్వాతే రెండోది తీయాలి. వీధిలో పిల్లలు ఆడుకుంటారు. ఈ కుక్క ఎవర్నీ ఏమీ చేయదని నాకు నమ్మకం ఉండొచ్చు, కానీ నా నమ్మకం మీద వాళ్ళ పిల్లల్ని పందెం కాయలేను. పిట్‌బుల్‌కి దవడ తాళం పడుతుందని అంటారు. అలాంటి తాళమేదీ దాని ఎముకలో లేదు. కానీ పట్టు పట్టి వదలని గుణం ఉంది, దవడ బలం ఉంది. ఇంగ్లండులో ఎద్దుల మీదికి ఉసిగొల్పడానికి పెంచిన కుక్కల వంశం. 1835లో అక్కడ ఆ ఆట నిషేధించాక, టెర్రియర్లతో కలిపి కుక్కల పందేలకి తయారుచేశారు. పిట్ అంటే గొయ్యి, ఆ పందెం జరిగే బరి. మనుషులు పోగేసిన బలం అది. దాన్ని ఒప్పుకుని, గేటుకి రెండో గేటు పెట్టుకోవడమే పెంచేవాడి పని.

పునాది నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద నీళ్ళు వచ్చినప్పటి గీత మా వెనక గోడ మీద ఇంకా ఉంది. ఆ మూడో రోజు పడవలో వెళ్తుంటే ఎక్కడో లోపలి సందులోంచి ఒక కుక్క ఒకే తీరుగా అరవడం విన్నాం. పడవ అటు పోలేదు. సాయంత్రానికి అరుపు లేదు. అది గొలుసుతో ఉండి ఉంటుందని నా మనసుకి ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే గేటుకి తాళం పెట్టినా, తాళంచెవి పక్కనే మేకుకి వేలాడాలి. నీళ్ళొచ్చినా నిప్పొచ్చినా ఎవరైనా ఒక్క నిమిషంలో తీయగలగాలి.

ఫిబ్రవరి 23

నా తప్పు ఒకటి. పైపులు ఇంటి దగ్గరే కోద్దామని గ్రైండర్ తెచ్చాను. స్విచ్ వేశానో లేదో, వరండా గదిలో ఏదో పడిన చప్పుడు. వెళ్ళి చూస్తే బుల్లెమ్మ మంచం కింద, గోడకి ఒత్తుకుని, ఉచ్చ పోసుకుని, పళ్ళ మధ్య నుంచి గాలి పీలుస్తోంది. కట్టేసిన గోడకి అవతల పక్క షెడ్డులో రోజంతా ఇనుము కోస్తారు. నిప్పురవ్వలు ఇవతలికి పడేవేమో. దాని వీపు మీద చిన్న చిన్న గుండ్రటి మచ్చలు ఉన్నాయి, ఇన్నాళ్ళూ గజ్జి అనుకున్నాను.

మంచం దగ్గరికి పోలేదు. గది తలుపు దగ్గర కింద కూర్చున్నాను. గంటన్నర పట్టింది బయటికి రావడానికి. అంతా షాపులోనే చేసి, ఇక్కడ నట్లు బోల్టులతో బిగించేలా ప్లాను మార్చాను. పని రెండింతలు అయింది.

మార్చి 9

ప్యానెళ్ళు ఎనిమిది, గేట్లు రెండు ట్రాలీ ఆటోలో వచ్చాయి. వెల్డింగ్ గుళ్ళన్నీ నున్నగా గీకించాను. నాకినా కొరికినా నోరు తెగకూడదు. రంగు వేసి పది రోజులు ఎండలో పెట్టాను, వాసన పూర్తిగా పోవాలి. చిన్నా, నేను, మా బావమరిది కలిసి సాయంత్రానికి నిలబెట్టేశాం. స్పానర్లు తప్ప ఏ మిషనూ వాడలేదు.

నేలకి సిమెంటు బదులు మాచర్ల నాపరాళ్ళు పరిచాను, ఒక మూల ఆరడుగులు ఇసుక వదిలేశాను. పైన రేకు, రేకు మీద తాటాకు.

సాయంత్రం లోపలికి వదిలితే గేటు దగ్గరే ఒక మూలకి చేరి, అక్కడే గుండ్రంగా తిరిగింది. 14 అడుగులు ఉన్నా నాలుగడుగుల్లోనే. మేం ఏమీ అనలేదు. అన్నం గిన్నెని రోజుకో అడుగు దూరం జరపమని మా అమ్మాయికి చెప్పాను.

మార్చి 12

గిన్నె ఇవాళ్టికి మూడడుగులు జరిగింది. డాక్సీ పూర్తయింది. ప్లేట్‌లెట్లు లక్షా 90 వేలు. బరువు 22.

మార్చి 18

రాత్రి పదింటికి పాలగిన్నె కడగడానికి వెళ్ళిన మా ఆవిడ పిలిచింది, గొంతు మామూలుగా లేదు. బుల్లెమ్మ రెండు గేట్ల మధ్య జాగాలో నిలబడి ఉంది. లోపలి గేటుకి నేను పెట్టిన ఎత్తే గడియని ముక్కుతో లేపేసింది. బయటి గేటుది స్ప్రింగు గడియ, అది ఆగింది.

అది తోక ఊపుతూనే ఉంది. నాకు చేతులు చల్లబడ్డాయి. రెండో గేటు వేస్టు ఖర్చు అని ఆ రోజు మా బావమరిది అన్నాడు, నేనూ ఒక క్షణం ఆలోచించిన మాట నిజం. రాత్రికి తాత్కాలికంగా కారబీనర్ హుక్కు పెట్టి, పొద్దున్నే లోపలి గేటుకి కూడా స్ప్రింగు గడియ, దాని మీద అడ్డ పిన్ను బిగించాను.

మార్చి 30

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి అడిగారు. "ఏమయ్యా, అది మనుషుల్ని చంపేదంట కదా. మనవరాలు వేసవి సెలవులకి వస్తుంది, ఎట్లా?" భయం లేదండీ అని ఊరుకోబెట్టే మాట చెప్పలేదు. లోపలికి పిలిచి రెండు గేట్లూ తీసి మూసి చూపించాను. బయటికి తీసుకెళ్ళేటప్పుడు నోటికి బుట్ట ఉంటుందని, రేబీస్ టీకా వేయించామని కార్డు చూపించాను. మనవరాలు ఉన్నన్నాళ్ళూ పొద్దున ఐదున్నరకే వాకింగ్ ముగిస్తామని మాటిచ్చాను. ఆమె పూర్తిగా నమ్మలేదు. నమ్మాల్సిన బాధ్యత ఆమెది కాదు, రోజూ చూపించాల్సిన బాధ్యత నాది.

నోటి బుట్ట ఎలా అలవాటు చేశామో కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. నోరు కట్టేసే గుడ్డ బుట్ట కాదు, తీగ బుట్ట. అందులోంచి నోరు తెరిచి వగర్చొచ్చు, నీళ్ళు తాగొచ్చు. కుక్కలకి చెమట ద్వారా ఒళ్ళు చల్లబడదు, వగర్పే వాటి ఫ్యాను. మన ఎండల్లో నోరు బిగించి కడితే ప్రాణం పోతుంది. మొదటి మూడు రోజులు బుట్ట ఊరికే అన్నం గిన్నె పక్కన పెట్టాం. తర్వాత బుట్ట అడుగున పెరుగన్నం రాసి చేత్తో పట్టుకుంటే తనే మూతి పెట్టి నాకింది. బెల్టు తగిలించలేదు. ఒక వారం అదే. ఆ తర్వాత తగిలించి, ఐదు లెక్కపెట్టి తీసేయడం. అలా పది, ముప్పై, రెండు నిమిషాలు. పదిహేడో రోజున బుట్ట చేతిలో చూసి తనే గేటు దగ్గరికి వచ్చింది. మెడకి బెల్టు వేయం. ఛాతీ మీదుగా హార్నెస్సు. మెడ పుండు మానింది కానీ అక్కడ బొచ్చు రాలేదు, వస్తుందన్న ఆశ కూడా లేదన్నారు.

ఏప్రిల్ 6

ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద వచ్చారు, మధ్యలో అమెరికన్ బుల్లీ జాతి కుక్క ఒకటి. ఎవరు చెప్పారో. "అంకుల్, మీ దాంతో మావాడికి క్రాస్ చేయిద్దాం, పిల్లల్లో సగం మీకు" అన్నాడు ఒకడు. చేయించనని చెప్పాను. రెండోవాడు మెల్లిగా, "పోనీ ఒకసారి ఎదురెదురుగా వదుల్దామా, ఎవరిది గట్టిదో చూద్దాం" అన్నాడు.

కోపం వచ్చింది, కానీ వాళ్ళ కుక్కని చూస్తే ముందు అది వగరుస్తున్న తీరు కనిపించింది. పొట్టి మూతి, నాలుక నీలంగా మారుతోంది, ఎండలో బైకు మీద తెచ్చారు. వాళ్ళతో వాదన ఆపి, నీడలోకి రమ్మని, పొట్ట కిందా పాదాల మీదా నీళ్ళు పోసి ఫ్యాను పెట్టాను. అరగంటకి తేరుకుంది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. జంతువుల్ని ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పి పోరు పెట్టడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు, రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లలు పెట్టించి వ్యాపారం చేయకూడదు, 2017 నుంచి రూల్సు ఉన్నాయి. బుల్లెమ్మకి యార్డులో రెండుసార్లు పిల్లలు పెట్టించారు, నెల తిరక్కుండానే అమ్మేశారు. ఆ పిల్లలు ఇప్పుడు ఏ గోడకి ఉన్నాయో.

మొదటి కుర్రాడు వెళ్ళేముందు నోటి బుట్ట ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. రెండోవాడు మాట్లాడలేదు.

ఏప్రిల్ 27

మధ్యాహ్నం రెండింటికి ఎండలో సిమెంటు నేల మీద అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోయాను. గూటిలో నాపరాయి మీద ఆనించి మాట్లాడుతూ కూర్చోగలిగాను. తాటాకు పని చేస్తోంది. ఇసుక మూల సాయంత్రం తడుపుతున్నాం, అక్కడ గొయ్యి తీసుకుని పొట్ట ఆనించి పడుకుంటోంది. గిన్నె అవతలి చివరికి చేరి చాలా రోజులైంది, రాయడం మర్చిపోయాను. పొద్దున పాలబ్బాయిని చూసి మొరిగిందట, ఒక్కసారి. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి చెప్పింది.

మే 6

ఆపరేషన్ అయింది, ఇక పిల్లలు పుట్టరు. బరువు 25. పది రోజులు గెంతనివ్వకూడదు. గూటిని ప్యానెల్ అడ్డం పెట్టి సగం చేశాను. విప్పి బిగించేలా చేయడం ఇప్పుడు కలిసొచ్చింది.

మే 11

యార్డు ఓనరు ఇంటికొచ్చాడు. మెష్ ఇవతల నిలబడి చాలాసేపు చూశాడు. బుల్లెమ్మ అతన్ని గుర్తుపట్టింది. దగ్గరికి రాలేదు, ఇసుక మూలకి వెళ్ళి మాకు వీపు చేసి కూర్చుంది. అంతలో వీధిలో ఎవరో హారన్ కొడితే మొరిగింది.

"అరుస్తోంది అన్నా! అయితే బాగైనట్టే. ఖర్చు ఎంతయిందో చెప్పు, ఇచ్చేసి తీసుకుపోతా."

మా ఆవిడ లోపలికెళ్ళి కాగితం తెచ్చింది. అతను సంతకం చూసుకున్నాడు. నేను ఒకటే చెప్పాను. "నువ్వు చెడ్డోడివని నేను అనట్లేదు తమ్ముడూ. నువ్వు దానికి రోజుకి ఎన్ని నిమిషాలు ఇచ్చావో చెప్పు." అతను జవాబు చెప్పలేదు. టీ తాగకుండా వెళ్ళిపోయాడు. నేను అన్న మాటలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ పదేళ్ళ పరిచయం, రాత్రి నిద్ర పట్టలేదు.

మే 25, ఆదివారం

చిన్నా వచ్చి చెప్పాడు. యార్డులో కొత్త పిల్ల. అదే గోడ, అదే రింగు, ప్లాస్టిక్ తాడు.

వెళ్ళాను. రాట్‌వైలర్ పిల్ల, ఆరు వారాలు కూడా ఉండవు. పాల పళ్ళతో తాడు కొరుకుతోంది. దారిలో వెళ్తున్నంతసేపూ పోలీసు కంప్లైంటు గురించే ఆలోచించాను. బరువైన గొలుసుతో, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం కూడా 11వ సెక్షన్ కిందే నేరం. మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాల నాటి అంకె. మొదటిసారి చదివినప్పుడు అచ్చు తప్పేమో అనుకున్నాను.

ఓనరు నన్ను చూసి లేచాడు. ముందు తనే మాట్లాడాడు. "ఆ రోజు నువ్వు అడిగింది బుర్రలో తిరుగుతానే ఉంది అన్నా. కానీ యార్డుకి కాపలా లేకపోతే రాగి తీగ పోతోంది. నేనేం చెయ్యను?"

కాపలాకి ముందు గేటు దగ్గర సెన్సర్ లైటూ కెమెరా పెట్టుకోమన్నాను, నేనే బిగిస్తానన్నాను. పిల్లని ఇవాళే తల్లి దగ్గరికి తిప్పి పంపమన్నాను, కనీసం ఎనిమిది వారాలు నిండేదాకా. అమ్మినవాడికి నా ముందే ఫోన్ చేశాడు. వాడు మొదట ఒప్పుకోలేదు. వెనక్కి తీసుకోకపోతే కంప్లైంటు ఇస్తానని నేను ఫోన్ తీసుకుని చెప్పాక సాయంత్రం రమ్మన్నాడు. తర్వాత తెచ్చుకుంటావో లేదో నీ ఇష్టం, తెచ్చుకుంటే మాత్రం కట్టేయడానికి రింగు ఉండకూడదని ఓనరుతో అన్నాను. అతను గోడ వైపు చూసి, పక్క షెడ్డులో గ్రైండర్ అడిగి తెమ్మని వాళ్ళ కుర్రాడికి చెప్పాడు.

పిల్లని చంకలో పెట్టుకుని దూరంగా, రోడ్డు మీదికి తీసుకెళ్ళాను, కోత చప్పుడు వినపడకుండా. అయిపోయిందని కేక వేశాక వెనక్కి వచ్చి, పిల్లని కుర్రాడి చేతికిచ్చి, టేపు తీశాను. ఆఫీసు గది పక్కన, మధ్యాహ్నం నుంచి నీడ ఉండే వైపు. టేపు ఒక కొస ఓనరు పట్టుకున్నాడు. గోడ నుంచి కాటా దాకా 16 అడుగులు. వెడల్పు 11. రెండో గేటుకి జాగా సరిపోతుంది, పాత రేడియేటర్ల కుప్ప జరిపితే.